కారులో గడగడ ఎక్కడిది?

పిల్లలూ! మన భాషలో చప్పుళ్ళకు ఎన్ని పేర్లున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? జేబులో చిల్లర గలగలమంటుంది. నూనె లేని తలుపు కిర్రుమంటుంది. గంట ఖంగుమంటుంది. రాళ్ళబాట మీద బండి గడగడమంటూ పోతుంది. ఈ మాటలు వినగానే ఏ వస్తువు దేనికి తగిలిందో, ఎలా కదిలిందో మనకు తెలిసిపోతుంది. అంటే చప్పుడు వట్టి గోల కాదు. అది ఒక కబురు!

సికింద్రాబాదులోని రాణిగంజ్‌లో మోటారు విడిభాగాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. నట్లు, బోల్టులు, రబ్బరు బుష్‌లు, సైలెన్సరు క్లాంపులు అన్నీ దొరుకుతాయి. కానీ, "మా కారు గడగడమంటోంది. దానికి తగిన సామాను ఇవ్వండి" అని అడిగితే ఏ దుకాణదారూ ఇవ్వలేడు. ఆ చప్పుడు ఎక్కడిదో, ఎందుకు వస్తోందో ముందు తెలియాలి. తెలిస్తే ఒక చిన్న వాషరుతో పని తీరిపోవచ్చు. తెలియకపోతే బాగున్న భాగాలను మార్చి, డబ్బు ఖర్చు పెట్టి, అదే గడగడతో ఇంటికి తిరిగి రావలసి వస్తుంది. అంతకంటే పెద్ద ముప్పు ఇంకొకటి ఉంది. కబురు పంపుతున్నది వదులైన చక్రం నట్టు అయితే? రేడియో గొంతు పెంచి ఆ చప్పుడును కప్పిపుచ్చితే ఏమవుతుందో ఆలోచించండి.

అందుచేత చప్పుడును వెతికి పట్టుకునే పద్ధతిని ఈ నెల తెలుసుకుందాం.

గడగడ ఎలా పుడుతుంది?

శబ్దం పుట్టాలంటే ఏదో ఒక వస్తువు కంపించాలి. ఇది మీరు తరగతిలో చదువుకున్నదే. అయితే గడగడకు అదొక్కటే చాలదు. రెండు వస్తువులు ఉండాలి. వాటి మధ్య కొంచెం సందు ఉండాలి. ఒకటి కంపిస్తూ రెండోదాన్ని మళ్ళీ మళ్ళీ కొట్టాలి. సందు లేకుండా గట్టిగా బిగిస్తే రెండూ కలిసే కదులుతాయి, చప్పుడు రాదు. సందు మరీ ఎక్కువైతే ఒకదానికొకటి తగలవు, అప్పుడూ చప్పుడు రాదు.

ఎంత కదలిక ఉంటే చప్పుడు వస్తుంది? ఒక చిన్న లెక్క చేద్దాం. మారుతి 800 కారు మీలో చాలామంది చూసే ఉంటారు. అది మొదట 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 దాకా తయారయింది. దాని ఇంజనుకు 3 సిలిండర్లు. బండి నిలబడి ఉండగా ఇంజను నిమిషానికి సుమారు 900 చుట్లు తిరుగుతుందనుకుందాం. అంటే సెకండుకు 15 చుట్లు. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి ఒక్కొక్క సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు మండి పిస్టనును తోస్తుంది. మూడు సిలిండర్లకూ కలిపి రెండు చుట్లకు మూడు తోపులు. ఆ లెక్కన సెకండుకు ఇరవైరెండున్నర తోపులు! కారు శరీరం మొత్తానికీ ఈ కుదుపు కొద్దో గొప్పో చేరుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ కారులో ఒక రేకు మీద నాణెం పెట్టారనుకోండి. రేకు సెకండుకు ఇరవైరెండున్నర సార్లు పైకీ కిందికీ ఊగుతోంది. దాని ఊపు మధ్యస్థానం నుంచి అర మిల్లీమీటరు దాటితే చాలు, రేకు కిందికి దిగే వేగాన్ని నాణెం అందుకోలేదు. భూమ్యాకర్షణ దాన్ని అంత త్వరగా కిందికి లాగలేదు. నాణెం గాలిలో మిగిలిపోయి, మరుక్షణం పైకి వస్తున్న రేకుకు ఠక్కున తగులుతుంది. మన కంటికి కనిపించీ కనిపించని అర మిల్లీమీటరు కదలిక చెవికి ఎంత పెద్ద గోలగా వినిపిస్తుందో చూశారా!

ఒక వేగం దగ్గరే ఎందుకు?

ఇంకో వింత కూడా ఉంది. కొన్ని కార్లు ఒకానొక వేగంలో మాత్రమే గడగడమంటాయి. వేగం పెంచినా తగ్గించినా ఊరుకుంటాయి. దీనికి కారణం ఉయ్యాలలో దొరుకుతుంది.

ఉయ్యాల ఊపేటప్పుడు మీ ఇష్టం వచ్చినప్పుడల్లా తోస్తే అది సరిగా ఊగదు. అది వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు బయలుదేరే సమయానికి చిన్నగా తోస్తే చాలు, ఊపు పెరుగుతూ పోతుంది. ప్రతి వస్తువుకూ ఇలా తనదైన ఊపు ఒకటి ఉంటుంది. దీనిని సహజ పౌనఃపున్యం అంటారు. బయటనుంచి వచ్చే తోపుల సంఖ్య దానితో సరిపోయినప్పుడు కంపనం బాగా పెరుగుతుంది. ఇదే అనునాదం.

కారులో అద్దాలు, గొట్టాలు, రేకులు, తీగలు అన్నీ చిన్న చిన్న ఉయ్యాలలే. ఇంజను తోపులు సెకండుకు 22 ఉన్నప్పుడు ఒక గొట్టం ఎగిరి పడవచ్చు. 40 ఉన్నప్పుడు అది ఊరుకొని వేరొక రేకు అందుకోవచ్చు. కనుక "ఏ వేగంలో వస్తోంది?" అన్నది చప్పుడు వేటలో చాలా విలువైన ప్రశ్న.

ముందు డిక్కీ ఖాళీ చెయ్యండి!

అనుభవం ఉన్న ఉస్తాదు కారు దగ్గరకు రాగానే పానా పట్టుకోడు. ముందు అడుగుతాడు: "ఎప్పుడొస్తది సార్ ఈ సౌండు? బండి ఆగి ఉన్నప్పుడా, నడిచేటప్పుడా?" ఆ తరువాత డిక్కీ తెరుస్తాడు. జాకీ, దాని కడ్డీ, స్టెప్నీ చక్రం, నీళ్ళ సీసా, సీటు కింద దొర్లే చిల్లర, ముందు అరలో కళ్ళజోడు పెట్టె అన్నీ బయటకు తీయిస్తాడు. "ఇంజను పాడైంది" అని భయపడిన చప్పుడు ఒక్కొక్కసారి జాకీ కడ్డీతోనే పోతుంది!

అది పోకపోతే అసలు పని మొదలవుతుంది. ఒకసారికి ఒక్క సంగతినే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి గమనించాలి. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞులు పాటించే సూత్రం కూడా ఇదే. కారు నడపడం పెద్దల పని. మీరు పక్కన కూర్చొని కాగితం మీద రాయవచ్చు.

మొదటి ప్రశ్న: బండి ఆగి, ఇంజను నడుస్తున్నప్పుడు చప్పుడు వస్తోందా? వస్తే చక్రాలు నిర్దోషులు. ఇంజనునూ, దానికి తగిలించిన భాగాలనూ, సైలెన్సరు గొట్టాన్నీ అనుమానించాలి.

రెండవ ప్రశ్న: గుంతలోనో స్పీడ్ బ్రేకరు మీదో మాత్రమే వస్తోందా? అలాగైతే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, వాటి రబ్బరు బుష్‌లు చూడాలి.

మూడవ ప్రశ్న: మలుపు తిరిగేటప్పుడు టకటకమంటోందా? ముందు చక్రాలకు శక్తినిచ్చే కార్లలో ఆ చక్రాలను తిప్పే ఇరుసుల చివర కీళ్ళుంటాయి. అవి అరిగితే మలుపుల్లో ఇలా పలుకుతాయి.

నాలుగవ ప్రశ్న: బ్రేకు మీద మెల్లగా కాలు పెట్టగానే మారిపోతోందా? అలాగైతే బ్రేకు భాగాల్లో ఏదో వదులుగా ఉండవచ్చు.

ఐదవ ప్రశ్న: ఇంజను చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఉక్కు వేడికి సాగుతుంది. ఒక మీటరు గొట్టం 300 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ సాగుడుతో ఉన్న సందు మూసుకోవచ్చు, లేని సందు పుట్టవచ్చు. సైలెన్సరు గొట్టాన్ని గట్టిగా బిగించకుండా రబ్బరు వలయాలతో వేలాడదీయడానికి ఇదొక కారణం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కారు ప్యారడైజ్ కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగింది. గడగడమంటోంది. పచ్చదీపం వచ్చి బయలుదేరగానే చప్పుడు మాయమైంది. ఎం.జి. రోడ్డు మీదుగా రాణిగంజ్ దాటి ట్యాంక్‌బండ్ చేరేదాకా వినబడలేదు. గుంతల్లోనూ రాలేదు. మళ్ళీ ఎర్రదీపం దగ్గర ఆగగానే మొదలైంది. మీరేమంటారు?

చక్రాలు తిరగనప్పుడే వస్తోంది కనుక వాటి తప్పు లేదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడే వస్తోంది కనుక, సెకండుకు 22 తోపుల దగ్గర అనునాదం చెందే భాగం ఏదో ఉంది. పొడవుగా, వదులుగా వేలాడే సైలెన్సరు గొట్టం మీద అనుమానం పోతుంది. ఇంజను ఆపి, గొట్టం పూర్తిగా చల్లారాక మెకానిక్కు దాన్ని చేత్తో ఊపి చూస్తాడు. అదే గడగడ! పైకి చూస్తే ఒక రబ్బరు వలయం తెగి, గొట్టం కారు అడుగుకు తగులుతూ ఉంటుంది. కొత్త వలయం వేసి, మళ్ళీ ఇంజనును అదే నెమ్మదితో నడిపి వింటాడు. చప్పుడు రాకపోతేనే మన ఊహ నిజమైనట్టు. ఈ చివరి పరీక్షను ఎప్పుడూ మరువకూడదు.

చక్రాన్ని లెక్కతో పట్టుకోవడం

బండి కదిలేటప్పుడు టక్... టక్... టక్ అని వస్తే అది చక్రానిదో ఇంజనుదో తెలుసుకోవడం ఎలా? లెక్కతో! 12 అంగుళాల రిమ్ము ఉన్న చిన్న కారు టైరు చుట్టుకొలత సుమారు 1.6 మీటర్లు. ఆ కారు ఒక మనిషి కాస్త చురుగ్గా నడిచే వేగంతో, అంటే సెకండుకు 1.6 మీటర్లు పోతుంటే చక్రం సెకండుకు ఒక్క చుట్టు తిరుగుతుంది. అప్పుడు టక్కు సెకండుకు ఒకసారే వస్తే నేరస్థుడు చక్రమే. ఇంజను ఆ పాటికి సెకండుకు 15 చుట్లు తిరుగుతూ ఉంటుంది. దాని టకటకలను విడివిడిగా లెక్కపెట్టడం మన తరం కాదు.

ఇలాంటి టక్కులకు చాలాసార్లు కారణం టైరు గాళ్ళలో ఇరుక్కున్న గులకరాయి. దాన్ని తీసేస్తే సరిపోతుంది. కానీ రాయి కనబడకపోతే చక్రం నట్లను వెంటనే చూపించాలి.

చెవి ఎందుకు మోసపోతుంది?

చప్పుడు ఎటునుంచి వచ్చిందో మన రెండు చెవులూ కలిసి చెబుతాయి. కుడివైపు పుట్టిన చప్పుడు కుడిచెవికి ముందు, ఎడమచెవికి కొంచెం వెనుక చేరుతుంది. ఆ తేడా సెకండులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా మెదడు దాన్ని పసిగడుతుంది. కారు లోపల ఈ తెలివి సరిగా పనిచెయ్యదు. అద్దాలకూ రేకులకూ తగిలి చప్పుడు అన్ని వైపులనుంచీ తిరిగి వస్తుంది. పైగా గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోయే శబ్దం ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోతుంది. వెనుక పుట్టిన కంపనం ఉక్కు శరీరం గుండా పాకి, ముందున్న పలుచని రేకును పలికిస్తుంది. మనం ముందు వెతుకుతాం, దొంగ వెనుక ఉంటాడు!

అందుకే మెకానిక్కులు పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఒక్కొక్క చోట ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొని వింటారు. ఘనపదార్థం గుండా ఆ చోటి కంపనం నేరుగా చెవికి చేరుతుంది. తిరిగే బెల్టులు, ఫ్యాన్లు పక్కనే ఉంటాయి కనుక ఇది మీరు చేసే పని కాదు సుమా! వైద్యుల స్టెతస్కోపు కూడా ఇటువంటి ఉపాయమే. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. అదే మొదటి స్టెతస్కోపు.

తట్టి వినడం

సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మ ఏం చేస్తుంది? వేలి కణుపుతో తట్టి వింటుంది. మంచి కుండ ఖంగుమంటుంది. బీట ఉన్నది బొదబొదమంటుంది. బీట దగ్గర రెండు అంచులూ రాసుకోవడంతో కంపనశక్తి త్వరగా హరించుకుపోతుంది.

సికింద్రాబాదుకు ఈ విద్య కొత్త కాదు. నిజాం కాలంలో 1893లో ఇక్కడి లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు వెలిసింది. రైళ్ళు ఆగిన చోట పరీక్షకులు పొడవైన పిడి ఉన్న సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ తట్టి వినడం రైల్వేలలో పాత ఆచారం. గంటలా మోగితే చక్రం మంచిది. మొద్దుగా పలికితే పగులు ఉందని అనుమానం. ఒక్క పగిలిన చక్రం వందల ప్రాణాలను ప్రమాదంలో పెడుతుంది కనుక ఆ సుత్తి దెబ్బకు ఎంత విలువో ఊహించండి. మన చెవికి వినబడని అతిధ్వనులను లోహంలోకి పంపి, లోపలి పగుళ్ళను కనిపెట్టే యంత్రాలు నేడు వచ్చాయి. సాధనం మారింది గాని సూత్రం మారలేదు.

కారులోనూ అంతే. చప్పుడు దానంతట అది రానప్పుడు రప్పించాలి. ఇంజను ఆపి, చల్లారాక రబ్బరు సుత్తితోనో పిడికిలితోనో ఒక్కొక్క భాగాన్ని తట్టుతూ పోతే వదులుగా ఉన్నది తానే పలుకుతుంది.

బిగించిన నట్టు ఎలా వదులవుతుంది?

ఎవరూ పానా పెట్టకుండానే నట్టు ఎలా వదులవుతుంది? బిగించినప్పుడు బోల్టు రవంత సాగుతుంది. సాగిన రబ్బరు లాగా అది వెనక్కి లాగుతూ, మరల మధ్య ఘర్షణను నిలబెడుతుంది. నట్టును కదలనివ్వనిది ఆ ఘర్షణే. బోల్టుకు అడ్డంగా కుదుపు వచ్చినప్పుడు మరలు పక్కకు జారుతాయి. జారిన ఆ క్షణంలో ఘర్షణ నట్టును ఆపలేదు, అది వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. ఇలా వేలసార్లు జరిగితే ఊడిపోతుంది. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ఈ సంగతిని ప్రయోగాలతో చూపించాడు.

నివారణ ఏమిటి? నట్టును చెప్పినంత బలంతో బిగించాలి. తక్కువైతే ఊడుతుంది, మరీ ఎక్కువైతే మర చెడుతుంది లేదా బోల్టు తెగుతుంది. అందుకే బిగింపును కొలిచి చూపే పానాలు ఉన్నాయి. లోపల నైలాను వలయం ఉన్న నట్లు సులువుగా వెనక్కి తిరగవు.

ఇక గడగడను మాన్పడానికి మార్గాలు మూడు. సందు లేకుండా బిగించడం ఒకటి. మధ్యలో రబ్బరు పెట్టి, కంపనశక్తిని అది మింగేటట్టు చెయ్యడం రెండవది. ఊగే రేకుకు ఒక ఆధారం ఇచ్చి, దాని సహజ పౌనఃపున్యాన్ని మార్చడం మూడవది. సందులో అట్టముక్క దోపడం మాత్రం వైద్యం కాదు, నోరు మూయించడం!

వినగానే ఆగవలసిన చప్పుళ్ళు

బ్రేకు వేసినప్పుడు ఇనుము ఇనుముతో రాసుకుంటున్న చప్పుడు, స్టీరింగు తిప్పినప్పుడు అడుగున ఠంగుమనడం, చక్రం దగ్గర రోజురోజుకూ పెరిగే టకటక - ఈ మూడింటిలో ఏది విన్నా ప్రయాణం ఆపి పరీక్ష చేయించాలి. సైలెన్సరు ఒక్కసారిగా పెద్దగా మోగితే గొట్టం చిల్లుపడి ఉండవచ్చు. దానిలోనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. అది కారులోకి చేరితే ప్రాణాంతకం. ఇంట్లో పెద్దలు "అదేం కాదులే" అన్నా మీరు మర్యాదగా మళ్ళీ గుర్తుచెయ్యండి.

బ్యాటరీతో నడిచే కార్లలో ఇంజను మోత ఉండదు. అందుచేత పూర్వం ఆ మోతలో కలిసిపోయిన చిన్న చిన్న గలగలలు కూడా వాటిలో స్పష్టంగా వినిపిస్తాయి. వినేవారికి పని తగ్గలేదు, పెరిగింది.

మీరే చేసి చూడండి

1. రెండు కుర్చీల మధ్య ఒక దారం బిగించి కట్టండి. దానికి నాలుగు చిన్న రాళ్ళను దారాలతో వేలాడదీయండి. వాటిలో రెండు దారాల పొడవు సమానంగా ఉండాలి, మిగతా రెండు వేరువేరు పొడవుల్లో ఉండాలి. సమానమైన వాటిలో ఒకదాన్ని ఊపండి. కాసేపటికి మిగతావాటికంటే దాని జత ఎక్కువగా ఊగుతుంది. అనునాదం అంటే ఇదే.

2. పొడవైన చెక్కబల్ల ఒక చివర టిక్‌టిక్‌మనే గడియారం పెట్టండి. మొదట గాలిలో వినండి. తరువాత రెండో చివర చెవిని బల్లకు ఆనించి వినండి. తేడా మీకే తెలుస్తుంది.

3. సైకిలుకు స్టాండు వేసి, చక్రం ఆగి ఉండగా ఒక అట్టముక్కను చువ్వలకు తగిలేటట్టు వెనుక ఫోర్కుకు కట్టండి. పెడలును చేత్తో మెల్లగా తిప్పుతూ, క్రమంగా వేగం పెంచండి. చువ్వల దగ్గర వేళ్ళు పెట్టకండి. టకటక ఎప్పుడు ఏకధాటి ధ్వనిగా మారుతుంది? దాని స్థాయి ఎలా పెరుగుతుంది?

ఆలోచించండి

1. 4 సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరిగితే సెకండుకు ఎన్ని తోపులు వస్తాయి?

2. చుట్టుకొలత 1.6 మీటర్లున్న చక్రం, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో సెకండుకు ఎన్ని చుట్లు తిరుగుతుంది?

3. ఒక కారు వంటగ్యాసు సిలిండరును డిక్కీలో పెట్టినప్పుడు గడగడమనడం మానేసింది. కారు బాగుపడినట్టేనా? మీ కారణం చెప్పండి.

(మొదటి రెండింటి జవాబులు: 30 తోపులు, ఆరుంబావు చుట్లు. మూడవదానిని మీ స్నేహితులతో వాదించి తేల్చుకోండి.)